యూనీస్ పాట, బెత్సీ సాక్ష్యం

నాంపల్లి స్టేషన్లో యూనీస్ గొంతు విననివాడు ఒకప్పుడు ఉండేవాడు కాదు. ఆమె మొహం చూసినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. 'దయచేసి వినండి' అని మొదలుపెట్టి, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎందుకు ఆలస్యమో మూడు భాషల్లో చెప్పే గొంతు ఆమెదే. రికార్డు గొంతులు వచ్చాక ఆమెను రిజర్వేషన్ కౌంటర్లోకి మార్చారు. అక్కడే రిటైరైంది. ఇప్పటికీ ఆటోవాడితో బేరమాడినా మాట మాటా విడదీసి పలుకుతుంది; వాడు ఇదేదో పైఆఫీసరమ్మ అనుకుని మీటరు వేస్తాడు.

ఇంతటి నాంపల్లి మనిషికి వచ్చిన పాటలన్నీ ఎక్కడివో తెలుసా? అమెరికా కొండలవి! దానికి కారణం ఆమె తండ్రి రత్నం. ఆయన రైలు గార్డు. పుట్టింది వికారాబాద్ మిషన్ కాంపౌండులో. అక్కడి అమెరికా డాక్టరమ్మ సొంత దేశం వెళ్లిపోతూ తన గ్రామఫోనునూ, పెట్టెడు నల్ల రికార్డులనూ వంటమనిషికి ఇచ్చి పోయింది. ఆ వంటమనిషి రత్నం వాళ్లమ్మ. అలా ఆ పెట్టె వికారాబాద్ నుంచి రైలెక్కి నాంపల్లి రైల్వే క్వార్టర్స్‌కు వచ్చింది. డ్యూటీ లేని రోజున రత్నం ఒంటి మీద బనీనుతోనే కూర్చుని, పెద్ద కూతురు బెత్సీనీ చిన్న కూతురు యూనీస్‌నీ చెరోపక్కా కూర్చోబెట్టుకుని, రికార్డు పెట్టేవాడు.

"ఇవి రాజుల పాటలు గావు బిడ్డా," అనేవాడు. "సముద్రం దాటి గా కొండలెక్కిన బీదోళ్లు ఫిడేలు తెచ్చుకున్నరు. ఆఫ్రికా నుంచి బానిసలుగ పట్కొచ్చినోళ్లు బెంజో తెచ్చిన్రు. పాట కట్టుడు చర్చిల నేర్సుకున్నరు. అన్ని గలిస్తె గిది అయ్యింది."

బెంజో అన్న మాట పట్టుకుని ఆయన చేసిన పని తలచుకుంటే యూనీస్‌కు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఓ రోజు ఇద్దరు పిల్లల్నీ అబిడ్స్‌లోని వాయిద్యాల దుకాణానికి తీసుకెళ్లి, బెంజో కావాలన్నాడు. దుకాణం ఆయన వెంటనే ఇచ్చాడు. మన హైదరాబాద్‌లో బెంజో అంటే ఏమిటి? టైపు మిషను మీటల్లాంటివి నొక్కుతూ, తీగలు మీటుతూ, పెళ్లి ఊరేగింపుల్లో వాయించేది. రికార్డులోది గిటారు లాంటి వేరే వాయిద్యమని తెలియక రత్నం అదే తెచ్చాడు. ఇంటికొచ్చి పక్కనే రికార్డు పెట్టి వాయిస్తే రెంటికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. చాలాసేపు చెవి ఒగ్గి విని, "రికార్డే పాతదై ఖరాబైనట్టున్నది," అని తేల్చేశాడు. గిటారు కొనేదాకా అక్కచెల్లెళ్లు ఆ కొండల పాటలన్నీ బారాత్ మోతతోనే పాడారు.

ఆ పాటల్లో ఏముంటుందని అడిగితే, పెద్దగా ఏమీ ఉండదు. తాగి వచ్చే మొగుడు, జైల్లో ఉన్న కొడుకు, చచ్చిపోయిన చంటిబిడ్డ, దూరమైపోతున్న బండి. మెలికలు లేవు, గమకాలు లేవు, గిటారు తీగల మీద మూడు వేళ్ల పట్లు వస్తే పాటంతా వచ్చినట్టే. ఇంగ్లీషు సగం కూడా అర్థంకాని వయసులో ఆ పిల్లలిద్దరూ అవి విని ఏడ్చేవాళ్లు. బాధపడ్డ మనిషి పక్కనే కూర్చుని తన సంగతి తాను చెప్పుకుంటున్నట్టు ఉండేది మరి. అందుకే అన్నేళ్ల కిందటి అరిగిపోయిన గొంతులు ఇంకా చెవిలో ఉంటాయి.

చర్చి క్వయర్లో పాడేవాళ్లు పై గొంతును ఫస్ట్ అంటారు, దాన్ని పట్టుకుని కింద నడిచే గొంతును సెకండ్ అంటారు. ఫస్ట్ బెత్సీది. సెకండ్ యూనీస్‌ది. సెకండ్ వేసేవాళ్లకు విడిగా చప్పట్లు రావు. యూనీస్ ఎప్పుడూ దానికి బాధపడలేదు, నిజం చెప్పాలంటే ఆమెకు అదే హాయిగా ఉండేది.

బెత్సీ గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పనిచేసే సాధువులాంటి మనిషిని చేసుకుంది. యూనీస్ పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఎర్నెస్ట్‌ను చేసుకుంది. ఎర్నెస్ట్ బాగా పాడేవాడు, అంతకంటే బాగా తాగేవాడు. పిల్లల్లేరు. ఒక ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం జరుగుతుండగా, అతను తూలుతూ వచ్చి అందరి ముందూ బెంచీల మధ్య పడిపోయాడు. యూనీస్ తలవంచుకుని ఒక్కతే ఇంటికి వచ్చేసింది. తలుపేసి గడియ పెట్టింది. మధ్యాహ్నం అతను వచ్చి తలుపు కొట్టాడు. "నీ మొఖం నాకు సూపియ్యకు, ఎటన్న పో," అంది. అతను ఇంకోసారి కొట్టాడు. తర్వాత "యూనీ... యూనీ..." అని మెల్లగా పిలిచాడు. అతనొక్కడే పిలిచే పిలుపది. ఆమె తీయలేదు. కాసేపటికి పిలుపు ఆగిపోయింది.

సాయంత్రం ఆమె డ్యూటీకి వెళ్లి, రోజూలాగే మైకులో బొంబాయి బండిని పిలిచింది. మర్నాడు ఎర్రచొక్కా కూలీ బిచ్చయ్య ఆమెను ఆపి చెప్పాడు: "సార్ బొంబాయి బండెక్కిండు గదమ్మా! మైకుల నీ గొంతు రాంగనే మీదికి చూసి నవ్విండు."

అతను మళ్లీ రాలేదు. ఉత్తరం ముక్క లేదు, కబురు లేదు. మొగుడికి బొంబాయిలో నౌకరీ దొరికిందని యూనీస్ చర్చిలో చెప్పింది. పాస్టరు గారు ఆ నౌకరీ కోసం దేవుడికి కృతజ్ఞతలు కూడా చెల్లించారు! ఆమె కళ్లు మూసుకుని ఆమెన్ అంది. అసలు సంగతి, గడియతో సహా, ఒక్క బెత్సీకే చెప్పుకుంది. ఆ తర్వాత ఎప్పుడో ఆ బాధ దానంతటదే పాటై వచ్చింది. తండ్రి రికార్డుల నడకే, మాటలు మాత్రం తనవి.

గడియ ఏసింది నేనే, బండిని పిలిచింది నేనే,
పోయినోని పేరు మాత్రం ఎవ్వలకు చెప్పలే.

అక్కకు తప్ప ఆ పాటను ఆమె ఎవరికీ వినిపించలేదు.

ఈమధ్య వైశాలి అనే అమ్మాయి అబిడ్స్‌లో ఒక చిన్న హాలు తీసుకుని, శనివారం సాయంత్రాలు పాత పాటలు పాడేవాళ్లను పిలవడం మొదలుపెట్టింది. బెత్సీ తమ చర్చివాళ్ల ఏదో పెళ్లిలో పాడగా విని ఇంటికే వచ్చేసింది. "ఆంటీ, మీ అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి పాడాలి. ఆ రికార్డుల పాటలు నాలుగు, మీ సొంతది ఒకటి ఉంటే అది," అంది. బెత్సీ చెల్లెలి వైపు చూసింది. వైశాలి వెళ్లిపోయాక బతిమాలడం మొదలుపెట్టింది. వారం పాటు వదల్లేదు. చివరికి యూనీస్ మెత్తబడింది. నిజానికి ఆమెకూ ఆశ పుట్టింది. చచ్చేలోపు ఒక్కసారి ఆ పాట నలుగురి ముందు పాడితే గుండె తేలికవుతుందేమో అనిపించింది.

"కానీ అక్కా, పాట ఒక్కటే. సాక్ష్యం వద్దు," అంది.

సాక్ష్యం అంటే వాళ్ల చర్చిలో పాటకు ముందు నిలబడి, తాను ఏ కష్టంలో పడిందీ, ప్రభువు తనను ఎలా గట్టెక్కించిందీ చెప్పుకోవడం. బెత్సీకి సాక్ష్యం చెప్పడమంటే ప్రాణం. పాపం, చెప్పుకోవడానికి ఆమె దగ్గర సరుకే లేదు. ఆమె జీవితంలో అన్నిటికంటే భయంకరమైన సంగతి పిత్తాశయంలో రాయి. దాన్నే ఏటేటా కొంచెం పెద్దది చేసి చెప్పేది.

"ఒక్క మాట గూడ చెప్ప చెల్లె. మాటంటే మాట," అంది బెత్సీ. ఒట్టు పెట్టుకునే అలవాటు వాళ్లింట్లో లేదు. అనడమే ఒట్టు. యూనీస్ నమ్మింది.

శనివారం హాలు నిండింది. మొదటి నాలుగు పాటలకూ జనం కాళ్లతో తాళం వేశారు. యూనీస్ గిటారు సర్దుకుంటుండగా బెత్సీ మైకు చేతిలోకి తీసుకుంది.

"ఈ ఆఖరు పాట నా బతుకు," అంది బెత్సీ. "మా ఆయన తాగేటోడు."

యూనీస్ తాను సరిగ్గా వినలేదనుకుంది. బావ నిక్షేపంలా ఇంట్లో ఉన్నాడు, టీ కూడా ఒక్క కప్పు దాటి తాగి ఎరగడు! బెత్సీ ఆగలేదు. ఆదివారం చెప్పింది, బెంచీల మధ్య పడిపోవడం చెప్పింది, గడియ చెప్పింది. 'నీ మొఖం నాకు సూపియ్యకు' అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "అప్పుడు మా ఆయన తలుపు బయట నిలబడి, బెత్సీ... బెత్సీ... అని మెల్లగ పిలిచిండు," అని కొంగుతో కళ్లొత్తుకుంది. "గా సాయంత్రం స్టేషన్ల బొంబాయి బండిని పిలిచింది ఎవరో తెలుసా? గిదో, నా చెల్లె!"

జనం యూనీస్ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. లోకం ముందు గడియ బయటపడుతుందనే ఆమె ఇన్నాళ్లూ భయపడింది. గడియనే ఒకరు ఎత్తుకుపోతారని కలలో కూడా అనుకోలేదు. ఆఖరికి ఆ పిలుపును కూడా! ఆ పిలుపు విన్నది భూమ్మీద తానొక్కతే. తోడబుట్టినదని, కడుపులోది తీసి చేతిలో పెట్టింది. ఆ చేయి ఇంత పని చేసింది.

బెత్సీ పాట ఎత్తుకుంది. యూనీస్ వేళ్లు అలవాటు చొప్పున తీగల మీద నడిచాయి. పల్లవి దగ్గర సెకండ్ కలవాలి. యూనీస్ నోరు తెరవలేదు. కోపంతో తెరవలేదు, పంతంతో తెరవలేదు, పాట కూలిపోనీ అనుకుంది. పాట కూలలేదు. కింద ఆసరా లేక బెత్సీ గొంతు వణికింది, ఆ వణుకే జనాన్ని పట్టుకుంది. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు బాహాటంగా ఏడ్చారు. పాట అయ్యాక హాలంతా లేచి నిలబడింది. తన మౌనం కూడా అక్క ఖాతాలోకే పోయిందని యూనీస్‌కు అర్థమైంది.

జనం పలచబడ్డాక స్టేజీ వెనక గదిలో అడిగింది. "ఏందక్కా గిట్ల చేసినవ్? మాటిచ్చినవ్ గద."

"ఏం చేసిన?" అంది బెత్సీ. ఇంకా ఆ సంతోషంలోనే ఉంది. "డాడీ రికార్డులల్ల పాడినోళ్లందరు జైలుకు పోయొచ్చిన్రా? అందరు 'నేను నేను' అనే పాడిన్రు గద. పాట పాడేటోళ్లదే అని డాడీయే అనేటోడు."

"పాట పాడుకో. పాట ఎవరన్న పాడుకోవచ్చు. నువ్వు చెప్పింది పాట గాదు, సాక్ష్యం. నా మొగుణ్ణి నీ మొగుడన్నవ్."

"నీ ఇజ్జత్ కాపాడిన. నువ్వేమన్న చెప్పుకుంటవా? జన్మల చెప్పుకోవు." బెత్సీ గొంతు కాస్త దిగింది. "నా బతుకుల ఏమున్నదే? మీ బావ మంచోడు. మంచోని మీద ఎవలన్న పాట కడ్తరా? ఒక్కసారి నేను లేచి నిలబడితె నలుగురు ఏడ్చిన్రు. గదొక్కటి నాకియ్యరాదా?" మళ్లీ అంతలోనే మొహం వెలిగింది. "అన్నట్టు, సెకండ్ ఆపినవ్ జూడు, మస్తు కుదిరింది! వచ్చేసారి గూడ గట్లనే చెయ్."

యూనీస్ గిటారును సంచీలో పెట్టి జిప్పు లాగింది. వచ్చేసారి! అక్కను ద్వేషించగలనని ఆమెకు అంతవరకూ తెలియదు.

అప్పుడే హాలు ఊడ్చే శంకరమ్మ చీపురు తలుపు పక్కన పెట్టి లోపలికి వచ్చింది. వెనకే వైశాలి. శంకరమ్మ తిన్నగా పోయి బెత్సీ రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నేను గూడ మా ఆయన్ని ఎళ్లగొట్టిన," అంది. "మొన్న ఎండకాలంల పోయిండు. తాగుడు పడలేక నేనే పొమ్మన్న. మీ ఆయన మళ్ల వచ్చిండా అమ్మా?"

బెత్సీ తడబడింది. చెల్లెలి వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ సాక్ష్యం గొంతు తెచ్చుకుంది. సాక్ష్యమన్నాక చివర్లో దేవుడు గట్టెక్కించాలి కదా. "వచ్చిండమ్మా," అంది. "తాగుడు మాని వచ్చిండు. నా చేతులల్లనే కన్నుమూసిండు."

శంకరమ్మ మొహం విప్పారింది. "అయితే మావోడు గూడ వస్తడు," అంది. "కిరాయి ఇల్లు మారుదామనుకుంటున్న. ఇగ మారను. వెతుక్కుంట వస్తడు గద."

యూనీస్ ఆ మొహం చూసింది. తాను కూడా క్వార్టరు మారకుండా ఏళ్లకేళ్లు కాచుకుని కూర్చుంది. ఇప్పుడు నోరు తెరిస్తే వైశాలి వింటుంది. వైశాలి వింటే ఆ పెళ్లివాళ్లు వింటారు, రేపు ఆదివారానికి చర్చి మొత్తం వింటుంది. ఇన్నాళ్లు దాచింది అది జరగకూడదనే.

"రాలేదు శంకరమ్మా," అంది. "ఆయన నా మొగుడు. గడియ ఏసింది నేను. పోయినోడు ఇప్పటిదాక రాలేదు."

వైశాలి ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. బెత్సీ ఎర్రబడిపోయింది. "నలుగుట్ల నన్ను గిట్ల నిలబెడ్తవా?" అంది. "సొంత అక్కను గదనే!" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈసారి నిజమైనవే.

శంకరమ్మ బెత్సీ చేతులు వదిలేసింది. యూనీస్ దగ్గరికి వచ్చి, "మరి ఎట్ల బతికినవమ్మా?" అని అడిగింది.

గడియ సంగతీ, పిలుపు సంగతీ, బండి సంగతీ అన్నీ తెలిసిన బెత్సీ ఇన్నేళ్లలో ఆ ఒక్క మాట తనను అడగలేదు. అది అప్పుడు తట్టి, యూనీస్ అక్కడే కూలబడి ఏడ్చింది.