లోయ అడుగున ఆపేసిన రోజు

2023 వేసవి. చిక్కబళ్ళాపురంలోని ఒక చిన్న సేవాసంస్థ తరఫున ఇళ్ళకు వెళ్ళి పాలియేటివ్ కేర్ చేసే పనిలో చేరి నాకు అప్పటికి ఆరేళ్ళు. పాలియేటివ్ కేర్ అంటే, నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ళకు బాధ తగ్గించే సేవ. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకుని, పెద్దయ్యాక పరీక్షలు రాసి, అటెండెంట్ శిక్షణ తీసుకున్నాను. ఏ ఇంటి గడప దాటే ముందైనా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఈ పని ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను.

ఆ ఏడాది మా సంస్థకు ఎవరో ఒక వీఆర్ హెడ్‌సెట్ ఇచ్చారు. కళ్ళకు కట్టుకునే డబ్బా లాంటిది. అందులో అమెరికా ఎడారుల్లోని కాన్యన్ నేషనల్ పార్కుల వర్చువల్ టూర్లు ఉండేవి. కాన్యన్ అంటే నది రాతిని కోసుకుంటూ పోగా ఏర్పడిన లోతైన లోయ. తల ఎటు తిప్పితే అటు లోయ కనిపిస్తుంది. ఇలాంటి చిత్రాన్ని పనోరమా అంటారు. దారిలో బాణం గుర్తులుంటాయి. మీట నొక్కితే ఒక్కో బాణం చొప్పున ముందుకు పోవచ్చు.

మా ఫిజియోథెరపిస్టు సలహాతో దాన్ని శ్వాస వ్యాయామానికి వాడేదాన్ని. ముక్కుతో గాలి పీల్చి, పెదవులు ముడిచి, దీపం ఆరకుండా ఊదినట్టు మెల్లగా వదలాలి. అలా ఐదుసార్లు చేస్తే ఒక బాణం.

వెంకటరవణప్పగారిది పేరేసంద్ర దగ్గర పల్లె. బోర్లు ఎండిపోయాక సేద్యం వదిలి, రాతి క్వారీలో చేరి, ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేశారు. ఆ రాతి దుమ్ము చేరి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. దీన్ని సిలికోసిస్ అంటారు. వెనక్కి తిప్పే మందు లేదు. నేను వెళ్ళేటప్పటికి ఆయన రోజంతా ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో మంచం మీదే కూర్చుని ఉండేవారు. ఆయాసం వచ్చిందంటే చాలు, భయంతో భార్య నారాయణమ్మగారి చెయ్యి పట్టుకునేవారు. ఆ భయం తగ్గించడమే నా పని.

మొదటిరోజు హెడ్‌సెట్ కట్టి లోయ అంచున నిలబెట్టాను. చాలాసేపు తల అటూ ఇటూ తిప్పారు.

"ఇంత పెద్ద క్వారీ యాడిదమ్మా?"

"క్వారీ కాదప్పా. అమెరికాలో లోయ."

"ఎవురు పేల్చినారు?"

"ఎవురూ లేదు. నీళ్ళు పారి పారి ఇట్ల కోసేసినాయంట."

"దుమ్ము లేకుండానా?"

"దుమ్ము లేకుండానే."

"అయితే నీళ్ళే మంచి మేస్త్రీ," అన్నారు. "ఒక్క కూలోణ్ణి గూడా చంపలేదు."

వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తున్న నారాయణమ్మగారు, "ఇరవై ఏండ్లు బండల్లోనే ఉండి చాల్లేదా ఈ మనిషికి? మంచం మీద కూచోని గూడా బండలే చూడల్లనా?" అన్నారు. ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది గానీ, భయపడలేదు. ఆ రోజు దేవుడికి రెండుసార్లు దండం పెట్టుకున్నాను.

సోమవారం, గురువారం వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఆయన మూడో నాలుగో బాణాలు దిగేవారు. తరువాత వెనక్కి తిరిగి మళ్ళీ అంచుదాకా ఎక్కి, అప్పుడే డబ్బా తీయనిచ్చేవారు. ఎందుకని అడిగితే చెప్పారు.

"క్వారీలో మందు పెట్టి పేల్చే ముందర అందర్నీ పైకి పంపి, కడాన నేనెక్కేదమ్మా. అంచున నిలబడి తలలు లెక్కపెట్టేది. ఒక్కడు కిందుండినా మందు కాల్చనిచ్చింది లేదు."

విన్నాను. బాగుందనుకున్నాను. అంతటితో మరిచిపోయాను.

మా పనిలో గోల్ సెట్టింగ్ అని ఒకటుంది. రోగి ముందు చిన్న గమ్యం పెట్టి, అక్కడికి చేర్చడం. ఆయన ఫైలులో 'నది చేరడం' అని రాశాను. ఇలా ఎక్కి దిగుతూ ఉంటే సగం ఊపిరి తిరిగి రావడానికే ఖర్చవుతోంది, నది ఎప్పటికీ రాదు అనిపించింది. ఒక గురువారం నేనే అన్నాను.

"ఈ పొద్దు వెనక్కి తిరగొద్దప్పా. నేరుగా నదికాడికే పోదాం."

"మళ్ళా ఎక్కేది?"

"డబ్బా తీసేస్తే మీ మంచం మీదనే ఉంటారు గదా. ఎక్కే పనేముండాది?"

"నీ మాట కాదంటానా తల్లీ. పద," అన్నారు.

మధ్యలో ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ చేరారు. ఎర్రటి గోడల నడుమ పచ్చటి నది. "సల్లగుండాదమ్మా," అన్నారు. నేను ఆక్సిమీటర్ వైపు చూశాను. వేలికి పెట్టే చిన్న క్లిప్పు అది, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఎనభై రెండు చూపించింది. ఎనభై అయిదు కన్నా తగ్గితే ఆపేయాలని మా నియమం. హెడ్‌సెట్ తీసేసి, మా సంస్థ డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పినట్టు ఆక్సిజన్ పెంచాను. కొంచెం తేరుకున్నాక ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"నేను పైకి రాలేదమ్మా."

"సోమవారం ఎక్కుదామప్పా."

"అందాకా ఆడనేనా?"

నేను నవ్వాను. ఫైలులో 'గమ్యం చేరారు' అని రాసి, సంతకం పెట్టి వచ్చేశాను.

శుక్రవారం చింతామణి వైపు కెంచార్లహళ్ళిలో ఒక పెద్దామెకు పుండు కడుగుతుంటే నారాయణమ్మగారు ఫోన్ చేశారు.

"ఆయన ఆ డబ్బా కావల్లంటాండాడమ్మా. పొద్దున్నించీ అదే మాట."

"ఉండేది ఒకటేనమ్మా. ఈ పొద్దు బాగేపల్లిలో ఇంకొకరి కాడికి పోయింది. సోమవారం తప్పకుండా తెస్తా. పైకి వచ్చేసినావని ఊరికే చెప్పండి."

"చెప్తిని. నువ్వు చూసినావా అంటాడు."

చేతికి గ్లౌజులున్నాయి, ఎదురుగా పుండు తెరిచి ఉంది. సోమవారం వస్తానని మళ్ళీ చెప్పి పెట్టేశాను. బాగేపల్లికి బస్సులుంటాయి. సాయంత్రానికి తెచ్చి ఉండవచ్చు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఆదివారం పొద్దున ఆయన పోయారు. వ్యాయామం వల్ల కాదని, ఆ ఊపిరితిత్తులు అప్పటికే అయిపోయాయని డాక్టరమ్మ నాకు వివరంగా చెప్పింది. నమ్ముతాను. నన్ను తినేస్తున్నది అది కాదు.

సోమవారం వెళ్ళాను. నారాయణమ్మగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"కడాన కూలోళ్ళ పేర్లన్నీ పిల్చినాడమ్మా, ఒక్కొక్కరిదే. అందరూ వచ్చేసినారు అంటి. 'నేను రాలేదు గదా' అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు."

కాసేపటికి ఆమే అడిగారు. "డబ్బా తెచ్చినావా?"

తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. తనకు కట్టమన్నారు. నది దగ్గరి చిత్రం తెరిచి కట్టాను. ఆమె తల పైకెత్తారు. ఇంకా ఇంకా పైకెత్తారు.

"ఇంత లోతుకు దించినావా ఈ మనిషిని?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. బాణం ఎలా నొక్కాలో చూపించాను. ఏడు బాణాలు ఎక్కారు. ఎనిమిదో దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇంకొంచెం ఎక్కుదామమ్మా," అన్నాను.

"ఎక్కి ఏం చేసేది? ఆయన కిందనే ఉండాడు గదా. తీసెయ్యి."

తీసేశాను.

మంచివైనా చెడ్డవైనా, నా దగ్గరికి వచ్చిన రోజులన్నిటికీ కృతజ్ఞత చెప్పుకోవడం మా నాన్న నేర్పిన చదువులో మొదటి పాఠం. వెంకటరవణప్పగారు నన్ను నమ్మి దిగినందుకు కృతజ్ఞత చెప్పుకుందామని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఆ నమ్మకాన్ని తలుచుకోగానే మాట రాదు. దేవుడికి ఈ సంగతి తెలుసు, నేను దాచలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే. ఎక్కడిదాకా పోవాలో మనం ఫైలులో రాసుకుంటాం. ఎక్కడ ఆగితే మనసు కుదుటపడుతుందో రోగికి మాత్రమే తెలుసు, అదీ వాళ్ళు ఒకసారే చెబుతారు. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిలకు ఇదే చెబుతాను. హెడ్‌సెట్ కట్టే ముందే, ఎక్కడ ఆపాలో అడిగి ఫైలులో మొదటి వరుసలో రాయమంటాను. వాళ్ళు రాస్తున్నారు, నేనూ రాస్తున్నాను. వెంకటరవణప్పగారికి మాత్రం దానివల్ల ఏ మేలూ జరగలేదు.