సోమవారం చేపలు

చేపల శాస్త్రవేత్త మెలే బడికి పడవలో వస్తుంటే అలలే పక్కకు జరిగి దారిస్తాయని మా టోంగాలో చెప్పుకుంటారు. మనిషి అంత భారీ, నవ్వు అంతకన్నా భారీ. తడి జుట్టు ముడేసుకుని, మూడేళ్లుగా ప్రతి సోమవారం సముద్రంలో మునిగి లెక్కపెట్టిన చేపల పట్టికను నల్లబల్ల మీద రాసింది. "చూశారా, మన సముద్రంలో చేపలకు కొదవే లేదు."

వెనక బెంచీలోంచి సెయిని అనే పిల్ల లేచింది. "సోమవారమే ఎందుకత్తా? ఆదివారం ఊరంతా చర్చిలోనే కదా, వల వేసేవాడే ఉండడు. మర్నాటికి చేపలకు పొగరెక్కి గుంపులుగా బయటికొస్తాయి. శనివారం వచ్చి చూడు, ఒక్కటీ కనబడదు."

మెలే మూడేళ్ల కష్టం ఒక్క మాటకు నీరుగారింది. చదువుకున్న మరొకరైతే పిల్లను కసిరి కూర్చోబెట్టేవారు. ఆమె పట్టికను అరచేత్తో తుడిచేసి, సుద్దముక్క సెయినికిచ్చి, ఆ పిల్ల బెంచీలోనే ఇరుక్కుని కూర్చుంది. బెంచీ మూలిగింది.

"చెప్పు తల్లీ, శనివారం ఎన్నింటికి రమ్మంటావు?"