అత్తమ్మ ఆదివారం కల్లు

నారాయణఖేడ్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక కల్లు దుకాణం ఉంది. ముందునుంచి చూస్తే రేకుల షెడ్డు, సీసాల పెట్టెలు, అంతే. వెనక్కి వెళ్తే మాత్రం అరెకరం పెరడు. వేపచెట్లు, సీతాఫలం పొదలు, కూర్చోవడానికి బండలు, కాళ్ళ మధ్య తిరిగే కోళ్ళు. ఒక పక్క మగవాళ్ళు, గోడ వారగా ఆడవాళ్ళు. ఆదివారం వచ్చిందంటే మా అత్తమ్మ అక్కడ ఉండాల్సిందే. ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక స్కూటీ మీద తీసుకెళ్ళే పని నా మీద పడింది. నా భుజం పట్టుకునేది కాదు. వెనక కమ్మీ పట్టుకుని బిగుసుకుని కూర్చునేది.

మాది ప్రేమ పెళ్ళి, కులాలు వేరు. మూడేళ్ళుగా ఆమె నా చేతి నీళ్ళు కూడా ముట్టలేదు. తన పొయ్యి తనదే, తన కడవ తనదే. నేను చాయ్ పెట్టి ముందుంచితే, చల్లారేదాకా అలాగే ఉంచి కొడుకును పిలిచి ఇచ్చేది. నాకు ఒళ్ళు మండేది. నేనూ తక్కువదాన్నేం కాదు, మర్నాడు పొద్దున్నే మళ్ళీ పెట్టేదాన్ని. మొత్తానికి మా ఆయనకు రోజూ రెండు చాయ్‌లు దక్కేవి.

కల్లు దగ్గర అత్తమ్మకు ఒక పట్టింపు ఉంది. సీసాకు నోరు పెట్టదు. తాటాకును దొన్నెలా మడిచి, రెండు చేతులా పట్టుకుని తాగాలి. అలా తాగాలంటే పోసేవాళ్ళు ఇంకొకరు కావాలి. ఆ పని పక్కింటి పెద్దమ్మది. ఇద్దరూ ఒకరికొకరు పోసుకుంటూ ఊళ్ళోవాళ్ళందరినీ ఉతికి ఆరేసేవాళ్ళు. నేను కాస్త దూరంగా కూర్చుని, ఉడికించిన బొబ్బర్ల గుడాలు తింటూ వినేదాన్ని. ఏ మాటకామాటే చెప్పాలి, వారమంతటిలో నేను కడుపారా నవ్వుకునేది అక్కడే.

మొన్నొక ఆదివారం పెద్దమ్మ మనూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళింది. అత్తమ్మ ఆకు మడిచి పట్టుకుని దుకాణమాయనను కేకేసింది.

"ఓ తమ్మీ, ఇటు రా!"

"వస్తున్న అవ్వా, జర ఆగు," అన్నాడే గానీ గిరాకీలోంచి కదల్లేదు. సీసాలో నురగ దిగిపోతోంది. చుట్టూ ఉన్నది తెలిసిన ఆడవాళ్ళే, ఎవరిని అడిగినా పోస్తారు. ఆమె వాళ్ళవైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను గుడాలు నమలడం ఆపేశాను. ఈసారి కూడా నన్ను దాటేస్తే అక్కడే ఏడ్చేస్తానని నాకు తెలుసు.

"ఏందట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్? చేతులు గుంజుతున్నయ్. పొయ్యి బిడ్డా," అంది.

సీసా అందుకున్నాను. తొందరపడి ఒంపేసరికి సగం కల్లు ఆమె చీర మీదే పడింది.

"పోసుడు గూడ రాదా? మీ అమ్మ గిదే నేర్పిందా?" అంటూ మొదలుపెట్టింది. తిట్ల మధ్యలో ఆగి తాగింది. తాగి, ఆకు మళ్ళీ ముందుకు చాపింది. పక్క బండ మీది ఆడవాళ్ళు మాటలాపి చూస్తుంటే, ఇంకా గట్టిగా తిట్టింది. అన్ని తిట్లు తిని అంత సంతోషపడిన కోడలు ఖేడ్ మొత్తంలో ఇంకొకతె ఉండదు.

పొద్దు వాలుతుండగా బయల్దేరాం. స్కూటీ ఇంకా కదలకముందే వెనకనుంచి అడిగింది.

"ఇయ్యాల ఏం కూర చేస్తున్నవ్?"

"వంకాయ, అత్తమ్మా."

"కారం జర తక్కువెయ్యి. నాకు రెండు రొట్టెలు చాలు."