ఉప్పు నీళ్లు

మా ప్లాంటులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ నురగ మావయ్యే. ఊరికి నీళ్లిచ్చే ఆ ప్లాంటులో ఇరవై రెండేళ్లుగా ఆయన పని గట్టి నీళ్లను మెత్తబరచడం. యంత్రాలు ఎన్ని వచ్చినా ఆయనకు నమ్మకం ఒక్క సీసా మీదే. సీసాలో సగం నీళ్లు పట్టి, నాలుగు చుక్కలు సబ్బు నీళ్లు వేసి, చెవి దగ్గర పెట్టుకొని ఊపుతాడు. గట్టి నీళ్లయితే సబ్బు విరిగి తెట్టె కడుతుంది. మెత్తనివైతే నురగ మూత దాకా లేచి అలాగే నిలబడుతుంది. నీ యంత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉందా అమ్మాయ్ అని నన్ను ఏడిపించేవాడు. టెస్టుల గదిలో కూర్చునే నాకు ముక్కు మీదే కోపం. అయినా ఆయన సీసా తప్పు చెప్పిన రోజు లేదని ఒప్పుకోవాలి.

మా ఊరి నేలలోంచి తోడే నీళ్లలో సున్నం ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, తలంటుకుంటే జుట్టు పీచులా అవుతుంది. జనం వాటిని ఉప్పు నీళ్లంటారు. అందులో ఉన్నది సున్నమయ్యా, ఉప్పు కాదు అని ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టరు. మావయ్య కూడా వాటిని ఉప్పు నీళ్లనే అనేవాడు. ప్లాంటులో మూడు పెద్ద ట్యాంకుల నిండా ఆవగింజలంత పూసలుంటాయి. నీళ్లు వాటి మధ్య నుంచి దిగుతుంటే పూసలు సున్నాన్ని పట్టేస్తాయి. అవి నిండిపోయాక, బస్తాలకొద్దీ ఉప్పు కలిపిన చిక్కటి నీటితో కడుగుతాం. ఆ కడుగునీళ్లు కాలువలోకి పోతాయి. ఉప్పు పని అక్కడితో సరి అని మావయ్య అనుకునేవాడు. ఆ తర్వాత మెత్తటి నీళ్లలో మామూలు నీళ్లు సగానికి సగం కలిపి ఊరికి వదులుతాం.

పోయిన ఏడాది ఆయన భార్యకు గుండె బలహీనపడింది. కాళ్లకు నీరు పట్టింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఉప్పు పూర్తిగా మానేయాలని, ఆ మాట దాటితే మందులు కూడా కాపాడలేవని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. వంట చేసేది కూతురు. ఆ రోజు నుంచే ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలు. మావయ్యకు అది చాలలేదు. కుళాయిలో వచ్చేవి ఉప్పు నీళ్లు కదా, అవి మాత్రం ఎలా తాగనివ్వడం అనుకున్నాడు. సాయంత్రం ఇంటికెళ్లే ముందు ట్యాంకు కింద, మామూలు నీళ్లు ఇంకా కలపని మెత్తటి నీళ్లు వచ్చే చిన్న కుళాయి దగ్గర అయిదు లీటర్ల క్యాను నింపుకునేవాడు. సీసా ఊపి, నురగ చూసుకొని మరీ.

నేను రోజూ చూశాను. బట్టలుతకడానికేమో అనుకున్నాను. నా బల్లకీ ఆ కుళాయికీ పదడుగుల దూరం. ఎవరికి మావయ్యా ఈ నీళ్లు అని ఒక్క మాట అడగడానికి నాకేం రోగమొచ్చిందో తెలియదు.

మిగతాదంతా తర్వాత కూతురు చెప్పింది. మొదటి రోజే వాళ్లమ్మ ఓ గుక్క తాగి, నీళ్లు ఉప్పగా ఉన్నాయండీ అందట. ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఇరవై రెండేళ్లుగా నీళ్లతోనే బతికేవాడికి నువ్వు చెబుతావా అన్నాడు. ఉప్పుకు మొహం వాచిన నాలుకకు అన్నీ ఉప్పగానే ఉంటాయన్నాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గ్లాసు ఇచ్చినప్పుడల్లా తాగింది.

వాపు తగ్గలేదు. పాదాల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి పొట్టకు ఎక్కింది. ఉప్పు ఎలాగో లోపలికి పోతోంది, కనిపెట్టండి అంది డాక్టరమ్మ. ఇక ఆ ఇంట్లో వెతుకులాట మొదలైంది. ఉప్పు డబ్బాను ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు మావయ్య. తలగడ కింద, బట్టల మడతల్లో, మందుల సంచిలో వెతికాడు. పచ్చడి వాసనేమైనా వస్తుందేమోనని ఆమె వేళ్లు వాసన చూశాడు. నిజం చెప్పు, ఎక్కడ దాచావు అని పొద్దున అడిగేవాడు, సాయంత్రం అడిగేవాడు. తినలేదని ఆమె ఒట్టేసింది. కూతురి తల మీద చెయ్యి పెట్టి మరీ వేసింది. ఆయన మంచివాడే. భయం పట్టుకున్న మంచివాడంత మొండివాడు ఇంకొకడుండడని నాకు అప్పుడు తెలియదు.

అయిదో వారంలో ఆమె ఒప్పేసుకుంది. అవును, రోజూ చిటికెడు తింటున్నాను, పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను అంది. ఆయన వెళ్లి పక్కింటివాళ్లతో గొడవపడి వచ్చాడు. వాళ్లు తెల్లబోయారు. ఆ తర్వాత ఉప్పు కోసం ఎవరూ వెతకలేదు. క్యాను మాత్రం రోజూ వెళ్లింది. మరో పది రోజులకు ఆమెను ఆసుపత్రిలో చేర్చారు.

చేర్చిన మర్నాడు మధ్యాహ్నం మావయ్య నా గదిలోకొచ్చి కూర్చున్నాడు. సీసా లేదు, వేళాకోళం లేదు.

"చస్తానని తెలిసీ దొంగచాటుగా ఉప్పు తినిందమ్మా" అన్నాడు. "నేనేం తక్కువ చేశాను? ఉప్పు నీళ్లు చుక్క ముట్టనివ్వలేదు. మన ట్యాంకు నీళ్లే మోసుకెళ్లి తాగించాను. ఇప్పుడు ఆసుపత్రిక్కూడా అవే."

ఆ క్యాను నీళ్లు ఎవరికో నాకు అప్పుడు తెలిసింది. చెప్పకుండా ఉండే దారి ఉందా అని ఒక్క క్షణం చూశాను. లేదు. క్యాను ఇంకా ఆసుపత్రికి వెళుతోంది. పూసలు సున్నాన్ని ఊరికే పట్టుకోవు మావయ్యా, దానికి బదులు కడిగినప్పుడు తాము పీల్చుకున్న ఉప్పు సారాన్ని నీళ్లలోకి వదులుతాయి అన్నాను. ఊరికిచ్చే నీళ్లలో అది సగమే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు, నీ క్యానులో మాత్రం మొత్తం ఉంటుంది, ఉప్పు ముట్టకూడని మనిషికి అది విషమే అన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆయన లేచి నా బల్ల మీది సీసాలో ఆ నీళ్లే పట్టి, సబ్బు చుక్కలు వేసి ఊపాడు. నురగ మూత దాకా లేచింది. దాన్ని చూపిస్తూ నా వైపు చూశాడు, నేను చెప్పింది అబద్ధమని అది సాక్ష్యం చెబుతుందేమో అన్నట్టు.

"నురగకు ఉప్పు సంగతి తెలియదు మావయ్యా" అన్నాను.

ఇద్దరం ఆసుపత్రికి పరుగెత్తాం. మంచం పక్కన క్యాను సగానికి పైగా ఖాళీగా ఉంది. దాన్ని నేను తీసుకెళ్లి పారబోశాను. డాక్టరమ్మ విని తల పట్టుకుంది. పది రోజుల ముందు తెలిసినా బాగుండేది, ఇప్పుడు గుండెకు ఓపిక లేదు అంది. మావయ్య మంచం దగ్గరికెళ్లి వంగాడు.

"నువ్వు తినలేదు. నేనే పోశాను" అన్నాడు.

ఆమె కళ్లు తెరిచింది. ఆయాసంలో మాట రావడానికి చాలాసేపు పట్టేలా ఉంది. ఆయన ఆగలేకపోయాడు.

"మరి తిన్నానని ఎందుకన్నావు?"

ఆ అడగడంలో ఇంకా పాత కోపం ఉంది. నాకు ఆయన నోరు మూయాలనిపించింది.

"మీరు అడగడం మానాలని" అంది ఆమె. కాస్త ఊపిరి తీసుకుంది. "తినలేదంటే రోజూ అడిగారు. తిన్నానంటే ఇంకోసారి అడగలేదు కదండీ."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వాచిన ఆ వేళ్లు మూసుకోలేదు. అది జారి కింద పడింది. మాలో ఎవరమూ వంగి తీయలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది. మావయ్య మళ్లీ పనిలోకి వచ్చాడు. ఇప్పటికీ సీసా చెవి దగ్గర పెట్టుకొని ఊపుతాడు. నురగ లేచాక మూత తీసి, వేలు ముంచి నాలుక మీద రాసుకుంటాడు. నేను నా యంత్రం వైపు తిరిగి కూర్చుంటాను.