అమ్మ అడిగిన బియ్యం

మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఆకలితో ఉన్నవాళ్ల కోసం ఇంటింటా పోగుచేసిన బియ్యాన్ని నిన్న ఒక డ్రమ్ములో పోశారు. పాతబియ్యం, కొత్తబియ్యం కలిసిన ఆ వాసనకి నా చిన్నతనం గుర్తొచ్చింది.

అమ్మ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. ఎక్కువగా బిచ్చగత్తె వేషాలే వచ్చేవి. ఒకసారి సమ్మె వల్ల షూటింగులు ఆగిపోయి, ఫిల్మ్‌నగర్‌లో మా బస్తీలో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు. అందరికీ ఒకేచోట వండాలని అమ్మ పట్టుబట్టింది. సంచి తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాకి వెళ్లింది. వాచ్‌మన్ పొమ్మన్నాడు.

"అమ్మగారితో ఒక్క మాట చెప్పే పోత" అంది అమ్మ. ఎండ మాడుస్తున్నా గేటు దగ్గర్నుంచి కదల్లేదు.

నేనది షూటింగనుకున్నాను. "అమ్మా, కెమెరా ఏడుంది?" అని గట్టిగా అడిగాను.

ఆ కేకకి ఇంటావిడ బయటికొచ్చింది. "ఏంటమ్మా, ఏం కావాలి?"

అమ్మ సంగతంతా చెప్పింది. ఆవిడ పనిమనిషి చేత ఒక మూట తెప్పించింది. విప్పి చూస్తే పురుగు పట్టిన బియ్యం.

"గివి వద్దమ్మా. మీరు తినే బియ్యమే జర ఇయ్యుండ్రి. తినేది మా బస్తీ పిల్లలు."

ఆవిడ బియ్యాన్ని వేళ్లతో కదిపి చూసింది. "అయ్యో, చూసుకోలేదమ్మా" అని, సన్నబియ్యం బస్తా ఇప్పించింది.

ఆ సాయంత్రం బస్తీ అంతా వేడివేడి అన్నం తిన్నాం. "అంత మంచి డైలాగు ఎవరు రాసిండ్రమ్మా?" అని అడిగితే అమ్మ నవ్వింది.

బిచ్చగత్తె వేషాల్లో అమ్మకు ఒక్క డైలాగూ ఉండేది కాదు. ఆ గేటు దగ్గర పలికిన ప్రతి మాటా ఆమె సొంతమని పెద్దయ్యాకే నాకు అర్థమైంది.