సీటు మీద టవల్

మా అమ్మది కన్నడం, నాయనది తెలుగు. హిందూపురంలో నన్ను కన్నడోళ్ళ పిల్లోడనేవాళ్ళు, బెంగళూరు కాలేజీలో తెలుగువాడనేవాళ్ళు. ఇంజనీరునై జర్మనీ చేరాక ఆ రెండూ పోయి ఉత్త ఇండియావాణ్ణయ్యాను.

1960ల మొదట్లో సెలవుకు వచ్చినప్పుడు, ఒక ఉదయం హిందూపురంలో ధర్మవరం పాసింజరు ఎక్కాను. పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. మా వైపు రైల్లో ఊరూ పేరూ అడగని మనిషి ఉండడు. ఈయన అడగలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

పెనుకొండలో నీళ్ళు తాగడానికి దిగాను. కుళాయి దగ్గర ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి పెట్టె కిక్కిరిసిపోయింది. నా సీటు పోయిందనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను. అప్పుడు నా సీటు వైపు నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏమబ్బా, టవలేసిండేది కనపడలేదా? మావోడు నీళ్ళకు పోయినాడు. వస్తాడు, లెయ్యప్పా."

జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. నా సీటు మీద ఆ పెద్దాయన భుజం మీది టవల్ పరిచి ఉంది. నన్ను చూడగానే దాన్ని లాక్కుని దులిపాడు.

"ఎంతసేపబ్బా నీళ్ళకు!" అని విసుక్కుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ధర్మవరంలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

జర్మనీ ఆఫీసులో వంతెనల డ్రాయింగులు గీస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. బల్ల మీద నా పేరు చెక్కిన పలక ఉండేది. నేను లేచి వెళితే ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. దానికి ఎవరూ కాపలా కాయాల్సిన పనీ లేదు. అయినా కాఫీ తాగి తిరిగొస్తూ, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపల ఎవరైనా "మావోడు వస్తాడు" అంటున్నారేమోనని వినేవాణ్ణి.