డిటెక్టివ్ కపర్దికి పిల్లను చూసిన హుస్సేన్ వలి

నంద్యాల రైలు స్టేషన్ దారిలో హుస్సేన్ వలి పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. అదే అంగడిలో డిటెక్టివ్ నవలలు అద్దెకిచ్చేవాడు. మద్రాసు నుంచి పాతవి మూటగా వచ్చేవి. చెదలు తినగా మిగిలిన కాగితాలను కుట్టి, మైదా జిగురు రాసి బతికించేవాడు. అందరికీ కావలసింది డిటెక్టివ్ కపర్ది. ఆరడుగుల మనిషి, చేతిలో టార్చిలైటు, ముప్పై అయిదేళ్లొచ్చినా పెళ్లి లేదు.

1954లో ఒక కపర్ది నవల చివరి పేజీలు లేకుండా వచ్చింది. అది తీసుకుపోయిన లూదియా టీచరు మరునాడే తిరిగొచ్చింది.

"వలీ అన్నా, చంపిందెవరు?"

"నాకేం తెలుసు టీచరమ్మా. చెదలకు తెలుసు."

"అట్లంటే ఎట్లన్నా. పిల్లోళ్లకు లెక్కలు చెప్తాండా, మనసంతా ఆ శవం మీదే ఉండాది."

ఆమె అవస్థ చూడలేక వలి తానే ముగింపు రాశాడు. తెల్లకాగితాన్ని ఎనిమిది పేజీలయ్యేలా మడిచి, ఆ మడతలో మొదలుపెడితే, మూడో పేజీకే వంటవాడు నేరం ఒప్పేసుకున్నాడు. అయిదు పేజీలు మిగిలాయి. చింపితే కుట్టు వదులవుతుంది. తెల్లగా వదిలేయడం అట్టలు కట్టేవాడికి నామోషీ. అందుకని ఆ అయిదు పేజీల్లో కపర్ది ఒక పిల్లను ప్రేమించాడు.

వలికి ప్రేమ మాటలు రావు. భార్య ఖాసింబీని అడిగాడు.

"పిల్ల పేరు విమల. ఆసుపత్రిలో నర్సు. కపర్ది ఎదురుపడితే ఏమంటాది?"

ఖాసింబీ జొన్నరొట్టె తడుతూ, "అన్నం తిన్నావా అంటాది," అంది.

"అది ప్రేమెట్లయితాది?"

"రేపు నేను అడక్కుండా ఉంటా. అప్పుడు తెలుస్తాది."

వలి అలాగే రాశాడు. అయిదు పేజీల్లో విమల పదకొండుసార్లు అన్నం తిన్నావా అని అడిగింది.

లూదియా టీచరు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు హంతకుడి ఊసే ఎత్తలేదు. "తక్కిన పుస్తకాల్లో విమల యాడుండాది?" అని అడిగింది.

యాడా లేదు. కాబట్టి వలి కుట్లు విప్పి, ఒక్కో నవల నడుమ ఒక్కో మడత చేర్చాడు. మడత ఎక్కడ పడితే ప్రేమ అక్కడ. ఒకదాంట్లో హంతకుడు తలుపు చాటున కత్తి ఎత్తుతాడు. ఆపైన ఎనిమిది పేజీలు విమల వంకాయ పులుసు వడ్డిస్తుంది. ఆ తర్వాత కత్తి దిగుతుంది. ఎవరూ తప్పు పట్టలేదు.

వారానికోసారి వలి ట్రంకుపెట్టెలో ఇంకో వరస పుస్తకాలు పెట్టుకుని బస్సులో ఆళ్లగడ్డకు పోయేవాడు. అక్కడ విగ్రహాలు చెక్కే ఓబులేసు చదివినదేదీ మరిచే మనిషి కాదు.

"వలీ, ఈ నర్సు పిల్ల కుదరదప్పా," అన్నాడు. "కపర్దికి సూదంటే భయం. రెండో పుస్తకంలో సూది చూసి కిటికీలోంచి దూకినాడు."

అది నిజమే. "మరి ఏం చేద్దామంటావ్?"

"రాయి చెక్కే ఇంటి పిల్లనియ్యి. చేతిలో సుత్తి ఉంటాది. ఆయనకు తోడు."

ఆళ్లగడ్డ పుస్తకాల్లో విమలను విప్పేసి వలి చెన్నమ్మను కుట్టాడు. చెన్నమ్మ నకిలీ విగ్రహాన్ని వేలితో తట్టి కనిపెట్టేది, దెబ్బలు తిన్న కపర్దిని భుజాన వేసుకొచ్చేది. ఏ ఊరి పుస్తకాలు ఆ ఊళ్లోనే ఉన్నంత కాలం కపర్ది సుఖంగా ఉన్నాడు.

1957లో లూదియా టీచరుకు ఆళ్లగడ్డ బదిలీ అయింది. మొదటి వారం ఒక పుస్తకం తీసుకుంది. రెండో వారం దాన్ని పట్టుకుని, వలి పెట్టె తెరిచే బస్టాండుకు వచ్చింది. ఓబులేసు అప్పటికే అక్కడ పెట్టెలో పుస్తకాలు వెదుకుతున్నాడు.

"వలీ అన్నా, ఈ చెన్నమ్మ ఎవరు?"

వలికి బదులు ఓబులేసు చెప్పాడు. "కపర్ది చేసుకోబోయే పిల్ల. నీకు తెలీదా టీచరమ్మా?"

"ఆయన విమలకు మాటిచ్చినాడు. నంద్యాలలో అందరికీ తెలుసు."

"ఆళ్లగడ్డలో విమల అనే మనిషే లేదు."

"కొత్త చట్టం వచ్చి రెండేండ్లయింది. ఇద్దర్ని చేసుకుంటే జైలే," అంది లూదియా టీచరు. "డిటెక్టివే లోపలికి పోతే దొంగల్ని పట్టేదెవరు?"

ఇద్దరూ వలి వైపు తిరిగారు. వలి తన బస్సు కదులుతోందని చెప్పి గబగబా ఎక్కేశాడు. అది నంద్యాలకు కాదు, దొర్నిపాడు పోయే బస్సని ఎక్కాక తెలిసింది.

ఎట్లాగో ఇల్లు చేరి సంగతంతా చెబితే ఖాసింబీ పెద్దగా ఆలోచించలేదు. "ఆ కపర్ది నెలకోసారి ఇంటికొచ్చే రకం. ఆ ఆడపిల్లలు ఆయన్ను చేసుకుంటామన్నారా? నువ్వు అడిగినావా?"

వలి అడగలేదు. మూడేళ్లుగా కపర్ది మనసు మాత్రమే రాస్తూ వచ్చాడు.

కొత్త మడతలో విమల, చెన్నమ్మ ఒకే బస్సు కోసం నిలబడ్డారు. ఇద్దరినీ అక్కడికే రమ్మన్న కపర్ది ఆ మాట మరిచి, నగల దొంగ వెంట పోయాడు. తమ ఇద్దరికీ మాటిచ్చింది ఒకడేనని మాటల్లో బయటపడింది. అంతలో ఆ దొంగే బస్సెక్కబోతే చెన్నమ్మ సుత్తి చూపింది, విమల సూది పొడిచింది. రొప్పుతూ వచ్చిన కపర్దికి దొంగను అప్పజెప్పి, పెళ్లి వద్దని ఇద్దరూ మొహం మీదే చెప్పారు.

రెండు ఊళ్ల పుస్తకాల్లోనూ అదే కుట్టాడు. లూదియా టీచరు రెండు వారాలు వలితో మాట్లాడలేదు. ఓబులేసు బాధపడి, "పోనీలే, పిల్ల బతికిపోయింది," అన్నాడు. తర్వాత ఇద్దరూ కపర్ది సంగతి వదిలేసి, ఆ ఆడోళ్లు ఇంకెవర్ని పట్టినారని అడగసాగారు. వలి రాస్తూ పోయాడు. మడతలు లావై కొన్ని పుస్తకాలు మూసుకోవడం మానేశాయి.

1960లో మద్రాసు నుంచి సరికొత్త కపర్ది నవల వచ్చింది. చెదలు తాకలేదు, చివరి పేజీ దాకా ఉంది. వలి సంబరంగా ముందు ఓబులేసుకే ఇచ్చాడు. మరుసటి వారం ఓబులేసు దాన్ని పెట్టెలో పడేశాడు.

"ఇది దొంగ పుస్తకమప్పా. విమల లేదు, చెన్నమ్మ లేదు. ఎవడో కపర్ది పేరు పెట్టుకుని రాసినాడు. అసలు రాసేటాయనకు తెలిస్తే ఊరుకుంటాడా?"

"ఊరుకోడు," అని ఒప్పుకుని వలి పెట్టె మూశాడు.